గొంగడి నేత – ఊలు అల్లిక: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల చారిత్రక పరిశీలనము

చరిత్ర యనగా రాజుల వంశావళియు యుద్ధముల పట్టికయు నని తలచిన కాలము గతించినది. సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడిన పిమ్మట ప్రజల తిండి, బట్ట, ఇల్లు, ఆట, నమ్మకము – ఇవి యన్నియు చరిత్రకు దగిన విషయములే యని మన పండితులు అంగీకరించిరి. బట్టల విషయమున మన సారస్వతమున సామగ్రికి కొదువ లేదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమునందు పెక్కు వస్త్రభేదములను పేరుపేరున పేర్కొనినాడు. అయినను, ఇంతవఱకు జరిగిన పరిశోధన యంతయు ఇంచుమించుగా నేతను గూర్చినదే. మగ్గము లేక, రెండు కడ్డీలతో ఇంటిపట్టున స్త్రీలు చేయు అల్లికకు చరిత్రలో చోటు దొరకలేదు. ఈ వ్యాసమున మేము ఆ లోపమును కొంతయైన పూరింప యత్నించితిమి. అందులకై మిక్కిలి చిన్న వస్తువు నొకదానిని ఎన్నుకొంటిమి. అది పసిబిడ్డకై ఊలుదారముతో అల్లిన చేతులులేని చొక్కా. పరిశీలనకు గ్రహించిన ప్రదేశము పూర్వపు నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములు, వాని పరిసర గ్రామములు. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగినపుడు సూర్యాపేటయు కోదాడయు నూతన సూర్యాపేట జిల్లాలో చేరినవి. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. అయినను సాంఘికముగా ఈ మూడును ఒకే సీమ యని భావించుట న్యాయము.

ఇచట పాఠకునకు ఒక సందేహము కలుగవచ్చును. ఎండకాలమున 45 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కాయు సీమలో ఊలు చొక్కాకు చరిత్ర యేమి? ఇది చలిదేశముల వేడుకను అనుకరించుటయే కదా యని కొందఱు అనవచ్చును. ఆ యభిప్రాయము సరికాదని నిరూపించుటయే మా వ్యాసమునకు ప్రయోజనము.

1. నేతయు అల్లికయు

మొదట పదములను విచారింతము. నేతయందు రెండు వరుసల దారము లుండును. నిలువున బిగించినది పడుగు. దాని నడుమ అడ్డముగా నడచునది పేక. అల్లికయందు అట్లు కాదు. ఒకే దారము తన్ను దానే పెనవేసికొనుచు, ఒక ఉచ్చులోనుండి మఱియొక ఉచ్చుగా సాగిపోవును. అందుచేతనే నేసిన గుడ్డ సాగదు. అల్లిన గుడ్డ సాగి మరల తన రూపమునకు వచ్చును. పెరుగుచుండు బిడ్డ శరీరమునకు అల్లిక యంతగా తగుటకు కారణ మిదియే. నేసిన గుడ్డను కత్తిరించినచో ముక్కలగును. అల్లిన గుడ్డను ఒక కొస పట్టి లాగినచో మరల దారమే యగును. ఈ రెండవ గుణము ముందు చెప్పబోవు విషయమునకు మూలము గనుక పాఠకులు గుర్తుంచుకొన వేడుచున్నాము.

తెలుగున 'అల్లు' ధాతువునకు విస్తారమైన వాడుక కలదు. జడను అల్లుదురు, చాపను, బుట్టను, తడికను అల్లుదురు, తీగ పందిరిని అల్లుకొనును, కథను అల్లుదురు, కవి పద్యమును అల్లును. అల్లసాని పెద్దన కవిత్వమును మెచ్చువారు ఆయన అల్లికనే ముందు పేర్కొనుట పరిపాటి. కవి అల్లికకు ఇంత గౌరవ మిచ్చిన భాషయే స్త్రీల చేతిపనిని 'కుట్లు – అల్లికలు' అను జంటపదమున బంధించి, దానిని తీరికవేళ వినోదముగా ఒక మూలకు నెట్టివేసినది. ఒకే ధాతువు, రెండు గౌరవములు. ఇది భాషాచరిత్రకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

వస్తువు పేరు కూడ గమనింపదగినది. ఈ చొక్కాను మన పట్టణములయందు 'చేతుల్లేని స్వెట్టరు' అందురు. కొందఱు 'ఊలు బనియను' అందురు. బనియను అను మాట చరిత్ర వింతయైనది. వైశ్యుని దెలుపు గుజరాతీ పదము పోర్చుగీసువారి నోట పడి, ఆంగ్లమున చేరి, తొలుత వదులుగా నుండు అంగీకిని, పిదప లోపల తొడుగుకొను చొక్కాకును పేరై, మరల మన భాషలోనికి తిరిగివచ్చినది. వాడుక యందలి ఊలు అను మాటయు ఆంగ్లమునుండి వచ్చినదే. మన భాషలో ఉన్ని, ఊర్ణము అను పదము లుండగా, అల్లికదారమునకు మాత్రము పరభాషాపదమే స్థిరపడుట యాదృచ్ఛికము కాదు. కురుమల ఇంటనున్నది ఉన్ని. దుకాణమున ఉండలుగా అమ్మునది ఊలు. ఈ రెండింటి నడుమనున్న దూరమే మా చరిత్ర.

2. గొంగడి సీమ

ఈ మూడు పట్టణముల ప్రాంతము ఉన్నికి కొత్తది కాదు. దక్కను పీఠభూమికి చెందిన నల్లని ఉన్ని గొఱ్ఱెలు ఈ సీమకు ప్రాచీన సంపద. గొల్లలును కురుమలును గొఱ్ఱెల కాపరులు. కురుమలు ఉన్ని కత్తిరించి గొంగళ్ళు నేయుటలో ప్రసిద్ధులు. సూర్యాపేటకు చేరువనున్న దురాజుపల్లిలో పెద్దగట్టుపై రెండేండ్ల కొకమారు జరుగు లింగమంతుల స్వామి జాతర, దానికే గొల్లగట్టు జాతర యనియు పేరు, తెలంగాణమున మేడారము తరువాత మిక్కిలి పెద్దదిగా పేర్కొనబడును. గొఱ్ఱెల మందలు ఈ సీమ జీవనమున ఎంత లోతుగా పాతుకొన్నవో తెలియుటకు ఆ జాతర యొక్కటియే చాలును.

గొంగడి తయారగు క్రమము నొకింత వివరింతుము. సంవత్సరమునకు రెండుమార్లు గొఱ్ఱెల ఉన్నిని కత్తిరింతురు. దానిని ఏకి, స్త్రీలు రాట్నముపై వడకుదురు. వడికిన దారము ముతకది గనుక, మగ్గమున నిలుచుటకై పడుగునకు చింతగింజల గంజి పట్టింతురు. పిదప పురుషులు గుంటమగ్గముపై నేయుదురు. ఇట్లు నేసిన గొంగడి వర్షమున తల తడువనీయదు, చలిలో దుప్పటి, పొలమున పఱుపు, దేవుని యెదుట ఆసనము. కాపరి దానిని తలమీదుగా కప్పుకొన్నచో అదియే అతని యిల్లు. గొంగళిపురుగునకు ఆ పేరు వచ్చినది దాని మేని రోమముల వలననే యని వేఱుగ చెప్ప నవసరము లేదు.

ఈ గొంగడి రాజకీయ చరిత్రలోనికి కూడ నడచినది. నిజాము పాలనమున దేశముఖుల వెట్టికి లోనయిన కులములలో గొల్ల కురుమలు ముఖ్యులు. అడిగినపుడు గొఱ్ఱెల నిచ్చుకొనవలసి యుండెడిది. 1946 జూలై 4వ తేదీన, నాడు నల్లగొండ జిల్లాలోనిదైన జనగామ తాలూకా కడవెండి గ్రామమున తుపాకి గుండుకు బలియై తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటమునకు తొలి యమరుడైన దొడ్డి కొమరయ్య కురుమ కుటుంబమునకు చెందినవాడు. సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు ఆ పోరాటమునకు ముఖ్య కేంద్రములు. భుజమున గొంగడి, చేత గుతుప – ఇది ఆ కాలపు రైతుకూలీకి ప్రజల మనస్సులలో నిలిచిన రూపము.

ఇంతటి ఉన్ని సంప్రదాయము గల సీమలో బిడ్డకు తొడుగు ఊలు చొక్కా ఆ ఉన్నితోనే ఏల పుట్టలేదు? ఈ ప్రశ్నకు మూడు సమాధానములు కలవు.

మొదటిది దారము స్వభావము. దక్కను గొఱ్ఱె ఉన్నిలో రోమము మందము సామాన్యముగా 40 మైక్రానులకు పైబడి యుండును; అల్లికకు వాడు మెరీనో ఉన్ని రోమము 20 మైక్రానుల ప్రాంతమున నుండును. 30 మైక్రానులు మించిన రోమము చర్మమున గుచ్చుకొనును. గొంగట్లో తినుచు వెండ్రుకలు ఏరినట్లు అను సామెత మన పెద్దల ఈ యనుభవమునకే సాక్ష్యము. పెద్దవారి చొక్కాపై కప్పుకొనుటకు ఆ ముతకదనము గుణమే. పసిబిడ్డ మెడకు అది దోషము.

రెండవది దారము నిర్మాణము. గొంగడి దారము ఒంటిపోగు. గంజి పట్టినగాని నిలువదు. అల్లికకు రెండు మూడు నాలుగు పోగులు మెత్తగా పెనవేసిన దారము కావలెను.

మూడవది పనివిభాగము. గొంగడి కులవృత్తి, అందు వడకుట స్త్రీది, నేయుట పురుషునిది, పేరు నేసినవానిది. అల్లిక యట్లు కాక, కులముతో నిమిత్తము లేక, బడి ద్వారా వచ్చిన విద్య. ఒకే వీథిలో రెండు ఉన్ని సంప్రదాయములు ఒండొంటిని తాకకయే జీవించిన వింతకు ఈ మూడును కలిసి కారణము. అయినను రెండింటికి ఒక పోలిక కలదు. రెండింటను స్త్రీ చేసిన పని లెక్కకు రాలేదు. కురుమ స్త్రీ వడికిన నూలు గొంగడిలో కలిసిపోయెను. ఉపాధ్యాయిని అల్లిన చొక్కా బిడ్డ ఒంటిపై చినిగిపోయెను.

3. కడ్డీల అల్లిక రాక

కడ్డీలతో అల్లు విద్య భారతదేశమున పుట్టినది కాదు. దీని ప్రాచీన సాక్ష్యములు ఈజిప్టునందు దొరకిన మధ్యయుగపు నూలు మేజోళ్ళు. అచటినుండి ఐరోపాకు ప్రాకిన ఈ విద్య అచట పెద్ద పరిశ్రమ యయ్యెను. 1589లో ఇంగ్లండున విలియం లీ అనునతడు మేజోళ్ళను అల్లు యంత్రమును కనిపెట్టెను. యంత్రము వచ్చినను చేతియల్లిక చావలేదు. గృహిణుల చేతులలో నిలిచినది. మన దేశమునకు అది ఐరోపీయుల వెంట, ముఖ్యముగా మిషనరీ స్త్రీల వెంట వచ్చెను.

తెలుగుదేశమున దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము నరసాపురము లేసు. అది కడ్డీల అల్లిక కాక, ఒకే కొక్కెముతో చేయు క్రోషియా పని. 1844 ప్రాంతమున గోదావరి మండలమునకు వచ్చిన మెక్రే దంపతులు దీనిని స్థానిక స్త్రీలకు నేర్పిరని ప్రసిద్ధి. మొదట క్రైస్తవ స్త్రీలలో వ్యాపించి, క్రమముగా ఇల్లు దాటని కాపు స్త్రీల చేతులకు వచ్చి, ఎగుమతి వ్యాపారముగా పెరిగెను. జర్మను సాంఘికశాస్త్రవేత్త్రి మరియా మీస్ (1931–2023) ఈ పనిని పరిశీలించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె తేల్చినది ఇది: దినమంతయు లేసు అల్లు స్త్రీని కార్మికురాలు అనక గృహిణి యనిరి, ఆమె పనిని పని యనక తీరిక యనిరి, కనుకనే కూలి మిక్కిలి తక్కువ ఇచ్చి, లాభము వ్యాపారులు పొందిరి. నరసాపురపు క్రోషియా లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. పేరునకు గుర్తింపు వచ్చుట సంతోషమే. ఆ గుర్తింపు అల్లిన చేతివఱకు చేరినదా యనునది మీస్ వేసిన ప్రశ్న. అది నేటికిని ప్రశ్నయే.

నల్లగొండ సీమలో మిషను చరిత్ర వేఱు. రష్యా సామ్రాజ్యమున, నేటి యుక్రెయిను దేశభాగమున స్థిరపడిన మెనోనైటు క్రైస్తవులు అమెరికను బాప్టిస్టు తెలుగు మిషనుతో కలిసి పనిచేయుటకు ఇచటికి వచ్చిరి. వారిలో మొదటివారగు ఏబ్రహాము ఫ్రీసెన్ దంపతులు 1889లో భారతదేశమునకు వచ్చి, 1890లో నల్లగొండలో కేంద్రము నెలకొల్పిరి. ఇరువదవ శతాబ్ది ప్రారంభము నాటికి సూర్యాపేటయు మిషను కేంద్రమయ్యెను. మంచు కురియు మైదానములలో ఊలు లేక బ్రతుకలేని జనము, గొంగడి కప్పుకొను జనము నడుమకు వచ్చి నివసించిరి. మిషను బడులలో బాలికలకు చదువుతోపాటు సూదిపని నేర్పుట ఆ కాలపు సామాన్య పద్ధతి. ఈ సీమలో సూదిపని బడితో ముడిపడి వచ్చినదే గాని కులముతో ముడిపడి వచ్చినది కాదని చెప్పుటకు ఇది యాధారము.

4. స్వాతంత్ర్యానంతర దశ

అల్లిక ఈ సీమ పట్టణములలో సామాన్య గృహములకు ప్రాకినది స్వాతంత్ర్యము తరువాతనే. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమయ్యెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి యేర్పడి, దుర్గాబాయి దేశ్‌ముఖ్ దానికి తొలి అధ్యక్షురాలయ్యెను. మహిళామండలులు, గ్రామసేవికలు, బాలికల ఉన్నత పాఠశాలలు, ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు – వీని ద్వారా కుట్లు, అల్లికలు స్త్రీవిద్యలో భాగములయ్యెను. దుర్గాబాయి తాను నెలకొల్పిన ఆంధ్ర మహిళాసభయందును స్త్రీల చదువునకును చేతిపనికిని సమాన స్థానము కల్పించెను. స్త్రీకి స్వంత సంపాదన యుండవలెనను తలంపే దానికి మూలము.

అదే కాలమున ఈ సీమ భూమిరూపమే మారెను. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను; 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతపు మెట్టలు మాగాణులయ్యెను. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి చెందెను. పంట పెరిగెను, గొఱ్ఱె మేయు బీడు తఱిగెను. మాంసమునకై నెల్లూరు జాతి గొఱ్ఱెలను తెచ్చి పెంచుటయు, వానితో సంకరము చేయుటయు వ్యాపించుటతో ఉన్నిగొఱ్ఱెలు క్షీణించెను. నెల్లూరు గొఱ్ఱెకు వెండ్రుకలే గాని ఉన్ని లేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము గొల్ల కురుమలకు 75 శాతము రాయితీపై 20 గొఱ్ఱెలు, 1 పొట్టేలు చొప్పున పంచిన పథకమును మాంసము దృష్టితో చేసినదే గాని ఉన్ని దృష్టితో చేసినది కాదు. నీరు వచ్చినచోట అన్నము వచ్చినది, ఉన్ని పోయినది. కలిమి వచ్చిన గృహములలో బిడ్డలకు ఊలు చొక్కాలు అల్లు తీరిక కలిగెను. ఆ ఊలు మాత్రము ఈ నేలది కాదు. ఈ వైపరీత్యమును చరిత్రకారుడు గమనింపవలెను.

5. ఒక చొక్కా – ఒక శాసనము

ఇంతవఱకు చెప్పినది సామాన్య చరిత్ర. ఇక ఒక వస్తువును పరిశీలింతము. సూర్యాపేటకు కోదాడకు నడుమనున్న పల్లెలలో ప్రాథమిక పాఠశాలోపాధ్యాయినిగా పనిచేసిన మా పెద్దమ్మ అల్లిన చేతులులేని చొక్కా యొకటి మా యింట నున్నది. అది మూడేండ్ల బిడ్డకు సరిపోవును. తొలుత దాని కొలతలు చెప్పుదుము.

ఛాతీ చుట్టుకొలత 24 అంగుళములు. అనగా బిడ్డ ఛాతీ 22 అంగుళములై, వదులునకై 2 అంగుళములు చేర్చిరన్నమాట. ముందుభాగము 12 అంగుళములు. అంగుళమునకు అయిదున్నర ఉచ్చులు గనుక మొత్తము 66 ఉచ్చులు. ఇట్టి అల్లిక పాత లెక్కలో 8వ నంబరు కడ్డీలతో, అనగా 4 మిల్లీమీటర్ల మందము గల కడ్డీలతో వచ్చును. క్రింది అంచు మాత్రము 10వ నంబరు సన్న కడ్డీలతో, నిట్టు పర్లు ఒకటి విడిచి యొకటి వచ్చునట్లు అల్లబడినది. హిందీ ఉర్దూ మాటలాడు స్త్రీలు వానినే సీదా, ఉల్టా అందురు. ఈ గట్లుగట్లుగా నున్న అంచు ఒంటిని పట్టియుండును. 8 అంగుళములు అల్లిన పిదప చంక తీసిరి. ఇరువైపుల నాలుగేసి ఉచ్చులు ఒకేమారు ముగించి, పిదప వరుస విడిచి వరుస ఇరుదెసల ఒక్కొక్క ఉచ్చు చొప్పున నాలుగుమార్లు తగ్గించిరి. 66లో 16 పోగా 50. మెడ వద్ద ఆ 50ని 25 చొప్పున రెండు చేసి, ఒక్కొక్క వైపున 11 ఉచ్చులు క్రమముగా తగ్గింపగా భుజమునకు 14 చొప్పున మిగిలెను. 14, 14, 22 – లెక్క సరిపోయినది. బిడ్డ తల శరీరమునకు మించిన పెద్దది గనుక ఎడమ భుజమును కుట్టివేయక రెండు బొత్తాములు పెట్టిరి. కాగితముమీద వ్రాసికొనక, మనస్సుననే ఈ గణితము చేసిన స్త్రీని మనము 'తీరికవేళ కాలక్షేపము చేయునది' అందుము.

ఇపుడు ఆ చొక్కాను శాసనమువలె చదువుదము. చొక్కా ఒడలు ముదురు నీలము. దాని లోపలి కుట్టు విప్పి చూచినచో దారము నిటారుగా నుండక వంకరలు తిరిగియున్నది. క్రొత్త ఊలు అట్లుండదు. ఒకమారు అల్లి, చాలకాలము తొడిగి, విప్పిన దారమునకే ఆ వంకరలు నిలుచును. అనగా ఈ దారము ఇంతకుముందు మఱియొకరి స్వెట్టరు. ఇది మొదటి సాక్ష్యము. క్రింది అంచు ఎఱ్ఱ మట్టిరంగు. ఆ దారము క్రొత్తది. రంగు మారినచోట ఉచ్చుల దిశయు తలక్రిందులయినది. క్రిందినుండి పైకి అల్లిన చొక్కాకు, అంచు విప్పి, ఉచ్చులను కడ్డీపై మరల ఎత్తుకొని, క్రిందికి అల్లినపుడే అట్లగును. కావున బిడ్డ పొడుగు పెరిగిన పిదప చొక్కాను పొడిగించిరి. ఇది రెండవ సాక్ష్యము. కుడి చంక క్రింద అతుకొకటి కలదు. అచట ఉచ్చు జారి నిచ్చెనవలె దిగిన జాడను కొక్కెముతో ఎత్తి సరిచేసిరి. ఇది మూడవది. ఒక చొక్కాలో ముగ్గురి బాల్యములు, ఒకే స్త్రీ చేతిపని.

ఆ పనికి కాలమెంత? అడుగునుండి చంకవఱకు 58 వరుసలు, పైన 36 వరుసలు, రెండు భాగములు, మెడ చంకల అంచులు – అన్నియు కూడి ఇంచుమించుగా 11,000 ఉచ్చులు. చేయి తిరిగిన స్త్రీ నిమిషమునకు 25 ఉచ్చులు అల్లుననుకొన్నను ఏడు గంటలకు పైబడిన పని. కుట్టుట, బొత్తాములు పెట్టుట వేఱు. బడి విడిచినపిదప, పొయ్యి మీద అన్నము ఉడుకుచుండగా, బస్సుకై కోదాడ దారిలో వేచియుండగా తునుకతునుకలుగా దొరకిన ఏడు గంటలు. దీనిని తీరిక యనుటకంటె, తీరిక లేనిచోట స్త్రీ చేసికొన్న తీరిక యనుట తగును.

ఇచట సూర్యాపేటకు మిక్కిలి చేరువనున్న పిల్లలమఱ్ఱి గుర్తునకు వచ్చుచున్నది. కాకతీయ సామంతులగు రేచెర్ల రెడ్లు అచట ఆలయములు కట్టించిరి. వానిలో ఎఱకేశ్వరాలయమును 1208లో బేతిరెడ్డి భార్య ఎఱకసానమ్మ కట్టించినది. ఆమె పేరు ఎనిమిది శతాబ్దులు దాటి రాతిమీద నిలిచినది. భూమియు బంగారమును గల స్త్రీ రాతిని చెక్కింపగలిగెను. మన ఉపాధ్యాయిని చెక్కినది దారముమీద. రాతిపై వ్రాసినది చెఱుగదు. దారముపై వ్రాసినదానిని మఱుసటి బిడ్డకై తానే విప్పివేయవలెను. అల్లిక చరిత్రకు ఆధారములు తక్కువగుటకు స్త్రీలు పని చేయకపోవుట కారణము కాదు. వారి పని యందే, పాతదానిని చెఱపి క్రొత్తదానిని చేయు పొదుపు ఇమిడియున్నది. ఈ విషయము తెలియని పరిశోధకుడు ఆధారము లేదు గనుక చరిత్ర లేదని తేల్చును. అది తప్పు.

6. ఉపసంహారము

నేడు ఈ మూడు పట్టణములలోను చేతియల్లిక అరుదు. ఊలు స్థానమున యాక్రిలికు దారము వచ్చినది. లూధియానా యంత్రములు అల్లిన స్వెట్టర్లు దుకాణములలో చవుకగా దొరకుచున్నవి. 1959 తరువాత భారతదేశమునకు శరణార్థులై వచ్చిన టిబెట్టువారు మన నగరములలో శీతకాలమున స్వెట్టర్ల అంగళ్ళు తెఱచుట పరిపాటి యయ్యెను. పాఠశాలలు తమ రంగులు గల చేతులులేని స్వెట్టర్లను విద్యార్థులచే కొనిపించుచున్నవి. అంగడి చొక్కాను నిందించుట మా యుద్దేశము కాదు. చలికి వడకు బిడ్డకు అదియు రక్షయే. అయితే, దానిని పొడిగింపను విప్పి మఱియొకరికి అల్లను వీలులేదు. బిడ్డ పెరిగిన నాడు దాని ఆయువు తీఱును.

పై విచారణ వలన మేము నిర్ణయించినవి మూడు. ఒకటి: ఈ సీమయందు ఊలు అల్లిక గొంగడికి కొనసాగింపు కాదు, అది బడి మార్గమున వచ్చిన వేఱు విద్య. రెండు: అట్లయ్యును, అది వేడుకగా నిలువలేదు, పొదుపు, గణితము, శిశుపోషణము కలిసిన గృహవృత్తిగా మన స్త్రీలు దానిని తమదిగా చేసికొనిరి. మూడు: గొంగడికి నూలు వడికిన స్త్రీయు, చొక్కా అల్లిన స్త్రీయు చరిత్రలో ఒకే విధముగా మఱుగుపడిరి.

రెండవ నిర్ణయము పరిశోధక విద్యార్థులకు ఒక కర్తవ్యమును విధించుచున్నది. తెలంగాణ పోరాటమున పాల్గొన్న స్త్రీల అనుభవములను వారి నోటనే విని, స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'ను ప్రకటించినపుడు, పత్రములలో లేనిది జ్ఞాపకములలో నుండునని మనకు తెలిసినది. తుపాకి పట్టిన స్త్రీ కథను అట్లు గ్రహించిన మనము, కడ్డీ పట్టిన స్త్రీ కథను కూడ గ్రహింపవచ్చును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఏ పాత పెట్టె తెఱచినను ఒక చిన్ని చొక్కా, రెండు కడ్డీలు, లెక్కలు వ్రాసిన నోటుపుస్తకపు పుట దొరకవచ్చును. వానిని చూచినపుడు ఉచ్చులు లెక్కింపుడు. లోపలి కుట్టు చూడుడు. దారము వంకరలు గమనింపుడు. అల్లినవారు జీవించియున్నచో ఎవరికై అల్లితిరని అడుగుడు. కురుమ వీథిలో రాట్నము మిగిలియున్నచో అచటను అట్లే అడుగుడు.

మా పెద్దమ్మ చొక్కాలో ఆ నీలపు ఊలు అంతకుముందు ఎవరి స్వెట్టరో మేము ఆమె జీవించియున్నపుడు అడుగలేదు. వంకరలు తిరిగిన ఆ దారము మాత్రము, తనకొక పూర్వచరిత్ర కలదని నేటికిని చెప్పుచునేయున్నది. అడుగవలసినవారు అడుగవలసిన కాలమున అడుగకపోయిన దోషము మాది. అది మఱియొకరికి కలుగకుండుగాక యని ఈ వ్యాసమును ముగించుచున్నాము.